రెండు భాషల నడుమ మనోవ్యధ: బళ్లారి ప్రాంతంలో మానసిక వైద్యం, సోషల్ వర్కర్ల పాత్ర

బళ్లారి అనగానే తెలుగు సాహిత్య విద్యార్థికి ముందుగా నాటకరంగం గుర్తుకు వస్తుంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ - ఈ ముగ్గురిని వదిలి ఆధునికాంధ్ర నాటక చరిత్ర రాయటం సాధ్యం కాదు. మానసిక వైద్య చరిత్ర చదివేవారికి అదే ఊరు మరొక కారణంగా పరిచితం. 1985లో అక్కడ ఆరంభమైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమం తరువాతి కాలంలో దేశమంతటికీ ఒరవడి అయింది. 'బళ్లారి నమూనా' అనే మాట వైద్య గ్రంథాలలో స్థిరపడిపోయింది. ఈ రెండు బళ్లారులకూ సంబంధం ఏమిటని పాఠకులు అడగవచ్చు. సంబంధం భాషే. రాఘవ తెలుగు, కన్నడ, ఆంగ్ల నాటకాలు మూడింటా వేషం కట్టగలిగింది ఆ ఊరి బహుభాషా వాతావరణం వల్ల. అదే వాతావరణంలో పుట్టి పెరిగిన మనిషికి మనసు చెదిరినప్పుడు ఆ బాధను ఏ భాషలో చెప్పుకొన్నాడు, విన్నవారు దానిని ఏ భాషలో రాసుకొన్నారు అన్నది మేము ఇక్కడ పరిశీలించదలచుకొన్న విషయం. వైద్యుల కృషిని వైద్యులే గ్రంథస్థం చేసుకొన్నారు. రోగి ఇంటిమాటకూ ఆసుపత్రి కాగితానికీ మధ్య నిలిచిన సోషల్ వర్కర్ల కృషి అంతగా గ్రంథస్థం కాలేదు.

ముందు ప్రాంతం సంగతి కొంత చెప్పుకోవాలి. 1800లో నిజాం ఆంగ్లేయులకు ఇచ్చివేసిన దత్తమండలాలలో బళ్లారి ఒకటి. 1882లో అనంతపురం దీని నుంచి విడిపడి ప్రత్యేక జిల్లా అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిశ్రా నివేదిక తరువాత బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. గీత గీశారే గాని భాష గీతకు లోబడలేదు. అటువైపు తెలుగువారు, ఇటువైపు కన్నడిగులు ఉండిపోయారు. రెండూ మాట్లాడేవారు రెండు వైపులా ఉన్నారు. దీనికి తోడు తుంగభద్ర ఆనకట్ట నీరు పారిన తరువాత కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలలో భూములు కొని స్థిరపడ్డారు. వారి ఊళ్లను నేటికీ 'క్యాంపు'లనే అంటారు. కనుక బళ్లారి చుట్టుపక్కల తెలుగు ఒకటి కాదు, రెండు: తరతరాలుగా ఉన్న సీమ తెలుగు, వలస వచ్చిన కోస్తా తెలుగు. ఈ తేడా వైద్యానికి పనికివచ్చే తేడాయే అని ముందు ముందు తెలుస్తుంది.

మద్రాసు రాష్ట్రపు రోజులలో మతి చెడినవారికి ప్రభుత్వం చూపిన దారి పిచ్చాసుపత్రి ఒక్కటే. మద్రాసు, వాల్తేరు, కాలికట్ - ఈ మూడు ఊళ్లలో అవి ఉండేవి. మూడూ బళ్లారికి దూరాభారం. 1946లో భోర్ కమిటీ లెక్క చూసినప్పుడు దేశం మొత్తం మీద మానసిక వైద్యశాలలలో పడకలు పదివేల పైచిలుకు మాత్రమే. మిగిలినవారు ఎక్కడ ఉన్నారన్న ప్రశ్నకు జవాబు అందరికీ తెలిసినదే: ఇంట్లో, గుడిలో, దర్గాలో, వీధిలో. 1953 తరువాత బళ్లారి వారికి రాష్ట్ర రాజధాని బెంగుళూరు అయింది. వైద్యానికీ బెంగుళూరే అయింది. అనంతపురం, చిత్తూరు జిల్లాల వారికి కూడా హైదరాబాదు కంటె అదే దగ్గర. బెంగుళూరులో పాత మైసూరు ప్రభుత్వ మానసిక వైద్యశాల పక్కనే 1954లో అఖిల భారత మానసికారోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో ఈ రెండూ కలిసి నిమ్హాన్స్ అయ్యాయి.

సోషల్ వర్క్ అనే వృత్తివిద్య మన దేశంలో 1936లో బొంబాయిలో, సర్ దొరాబ్జీ టాటా పేర వెలసిన పాఠశాలతో ఆరంభమైంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అని నేడు మనం పిలిచేది దానినే. మానసిక వైద్యంలో ఈ వృత్తికి చోటు కల్పించినవారిలో అగ్రగణ్యురాలు గౌరీరాణి బెనర్జీ. షికాగోలో శిక్షణ పొంది వచ్చి, 1948లో ఆ సంస్థలో వైద్య, మానసిక వైద్య సోషల్ వర్క్ ప్రత్యేక శాఖను ఆమె నెలకొల్పారు. నేర్చుకొన్నది అమెరికా పద్ధతి అయినా, దానిని ఇక్కడి కుటుంబానికి యథాతథంగా అంటగట్టరాదని ఆమె పట్టుపట్టారు. కర్మ, ధర్మం వంటి భావనలతో ఆలోచించే మనిషితో ఆ భావనల నుంచే మాట కలపాలని ఆమె వ్యాసాలలో వాదించారు. 1952లో మద్రాసు స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ వచ్చింది. బెంగుళూరు సంస్థలో 1968లో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో డిప్లొమా మొదలై, తరువాత అది రెండేళ్ల ఎం.ఫిల్. అయింది.

ఇంతకూ ఈ సోషల్ వర్కర్ చేసే పని ఏమిటి? వైద్యుడు రోగాన్ని గురించి అడుగుతాడు, సోషల్ వర్కర్ ఇంటిని గురించి అడుగుతారు. ఎవరు సంపాదిస్తున్నారు, ఎవరు వండుతున్నారు, మేనరికమా, అప్పు ఉన్నదా, పొలం ఎవరి పేర ఉన్నది, ఎప్పటి నుంచి నిద్ర లేదు, అంతకుముందు ఇంట్లో ఏమి జరిగింది. దీనినే సాంఘిక పూర్వవృత్తం అంటారు. అది సేకరించాక అవసరమైతే ఇంటికి పోయి చూడాలి, కుటుంబంతో విడిగా మాట్లాడాలి, రోగి నెమ్మదించిన తరువాత మళ్లీ పనిలో, బడిలో కుదిర్చే ప్రయత్నం చేయాలి. అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే డేరాలలో ఉంచి, వారిని వైద్యంలో భాగస్వాములను చేసిన సంగతి ప్రసిద్ధం. మన దేశంలో కుటుంబాన్ని పక్కనపెట్టి మానసిక వైద్యం చేయలేమని అక్కడే రుజువైంది. కుటుంబం వచ్చి కూర్చుంటే దాని భాష కూడా వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడ భాషాశాస్త్రజ్ఞులుగా మేము కొంత ఆగవలసి ఉంది. తెలుగు కన్నడాలు సోదర భాషలు. చాలా మాటలు రెంటికీ ఉమ్మడి. తెలుగు 'పిచ్చి', కన్నడ 'హుచ్చు' ఒకే ధాతువుకు చెందినవి. పాత కన్నడ పకారం హకారమయ్యే నియమం తెలిసినవారికి ఇది వింత కాదు. 'గాలి సోకింది' అంటే రెండు భాషలవారికీ అర్థం ఒకటే. చిక్కు వచ్చేది ఇటువంటి చోట కాదు. మాట ఒకటే ఉండి అర్థం పక్కకు జరిగిన చోట వస్తుంది. బొత్తిగా తెలియని భాష అయితే దుబాసీని పిలుస్తారు. సగం తెలిసిన భాష అయితే ఎవరూ పిలవరు.

'సుస్తీ' చూడండి. పారశీకం నుంచి వచ్చిన ఈ మాట తెలుగులో జబ్బు. 'సుస్తీ చేసింది' అంటే మనిషి మంచం పట్టాడని. కన్నడంలో 'సుస్తు' అంటే అలసట, అంతే. 'బేజారు' కూడా అక్కడి నుంచి వచ్చినదే. కన్నడిగుడు బేజారు అన్నప్పుడు విసుగు కావచ్చు, మనసు నొచ్చుకోవటం కావచ్చు, దుఃఖం కూడా కావచ్చు; కన్నడంలో అది మనసుకు సంబంధించిన నిత్యవ్యవహారపు మాట. తెలుగులో 'బేజారెత్తిపోయాను' అంటే హడలిపోయాననో వేసారిపోయాననో అర్థం. దిగులుకు ఆ మాట వాడము. 'మాట' సంగతి ఇంకా విడ్డూరం. తెలుగులో అది పలుకు. కన్నడంలో పలుకును 'మాతు' అంటారు, 'మాట' అంటే చేతబడి. 'మా పిల్లకు మాట పడిపోయింది' అని తెలుగు తల్లి వాపోతే, కన్నడం మాత్రమే ఎరిగిన చెవికి అందులో ముందు వినిపించేది ఏది? రోగం గురించిన సమాచారంలో చేతబడి అనుమానం ఉన్నదా లేదా అన్నది చిన్న విషయం కాదు. కుటుంబం మందు మింగిస్తుందా, మంత్రగాని దగ్గరకు పోతుందా అన్నది దాని మీద ఆధారపడి ఉంటుంది. క్యాంపుల తెలుగు మళ్లీ వేరు. కోస్తా వారు 'బెంగ పెట్టుకొన్నాడు' అన్న చోట సీమ వారు వేరొక విధంగా చెబుతారు. బెంగ, దిగులు, చింత - ఈ మూడూ నిఘంటువులో పక్కపక్కనే ఉంటాయి గాని మనుషుల నోట ఒకటి కావు. బెంగకు ఎప్పుడూ ఒక మనిషో ఊరో ఉంటుంది. దిగులు ఊరికే కూడా కలుగుతుంది. డిప్రెషన్ అనే రోగాన్ని గుర్తించటానికి ఈ తేడా పనికివస్తుందని మా అభిప్రాయం.

మేము పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులలో బళ్లారి వైపు బంధువు ఒకావిడను ఒక పట్టణంలోని ఆసుపత్రికి తోడు తీసుకొని వెళ్లాము. కొడుకు పోయిన ఆరు నెలలకు ఆమె మాట్లాడటం మానేసింది. వెంట వచ్చిన ఆడపడుచు 'వొంట్లో సుస్తీ సార్, ఊరికే కూర్చుంటాది' అని చెప్పింది. కాగితం మీద ఆంగ్లంలో 'అలసట' అని నమోదైంది. భాష అన్న చోట 'కన్నడం' అని రాశారు, ఊరు కర్ణాటకలోది కనుక. బలానికి మాత్రలు ఇచ్చారు. మర్నాడు ఆ వార్డు సోషల్ వర్కర్ వచ్చి మంచం పక్కన కూర్చొని, 'ఏం తింటాండావమ్మా' అని అడిగింది. పావగడ ప్రాంతపు మనిషి కావటం వల్ల ఆమెకు ఆ యాస సహజంగా ఉన్నది. మా బంధువు అప్పటికి మూడు నెలలుగా కొడుకు గొంతు వింటున్నదట; పెరట్లో నుంచి పిలుస్తాడట; అన్నం ఇద్దరికీ పెట్టుకొంటున్నదట. ఆ సంగతి ఇంటివారిలో ఎవరికీ తెలియదు. సోషల్ వర్కర్ మొదటి కాగితాన్ని కొట్టివేయలేదు, దాని కింద రెండు పుటలు రాసింది. వైద్యం ఆ రెండు పుటలను బట్టి మారింది.

ఒక గదిలో ఒక సోషల్ వర్కర్ చేయగలిగిన ఈ పని ఒక జిల్లాకు ఎలా చేయాలన్నది 1970లలో నిమ్హాన్స్ ముందున్న ప్రశ్న. 1975లో అక్కడ సామాజిక మానసికారోగ్య విభాగం ఏర్పడి, బెంగుళూరు దగ్గర సకలవారలో గ్రామీణ కేంద్రం నడిపింది. ఆనేకల్ తాలూకా పరిసరాలలోని ఆ పల్లెలలో కన్నడం, తెలుగు, తమిళం మూడూ వినిపిస్తాయి. ఇంచుమించు అదే కాలంలో ఉత్తరాదిన రాయ్‌పూర్ రాణిలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. అంతకుముందే కార్‌స్టెయిర్స్, ఆర్.ఎల్. కపూర్ దక్షిణ కన్నడ జిల్లా కోట గ్రామంలో బ్రాహ్మణ, బంట, మొగవీర కులాలవారి మానసిక స్థితిని అధ్యయనం చేసి 1976లో గ్రంథం ప్రచురించారు. పూనకాన్ని రోగంగా కొట్టిపారేయక, దానికి ఆ సమాజంలో ఉన్న స్థానాన్ని వారు పరిశీలించారు. 1978లో కపూర్, మోహన్ ఐజాక్ లాన్సెట్ పత్రికలో మరొక పద్ధతిని ప్రకటించారు. ఊళ్లో ఎవరికి ఏ లక్షణాలు ఉన్నాయో రోగిని కాక, తెలిసినవారిని కొద్ది ప్రశ్నలతో అడిగి సైకోసిస్, మూర్ఛ రోగులను కనిపెట్టే పద్ధతి అది. ఖర్చు తక్కువ. అయితే పద్ధతి యావత్తూ ప్రశ్నల పదజాలం మీదే నిలుస్తుందని వేరే చెప్పనక్కరలేదు. 'పిచ్చివారు ఎవరైనా ఉన్నారా' అని అడిగితే ఏ ఊరివారూ ఉన్నారని చెప్పరు. 'తనలో తాను మాట్లాడుకొనేవారు, ఊరికే నవ్వుకొనేవారు, తిండి స్నానం పట్టనివారు ఉన్నారా' అంటే చెబుతారు.

1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమం రూపొందింది. దానిని ఒక జిల్లాలో ఆచరించి చూడటానికి 1985లో బళ్లారిని ఎన్నుకొన్నారు. అప్పటి జిల్లా జనాభా దాదాపు 15 లక్షలు. ఆర్. శ్రీనివాసమూర్తి, మోహన్ ఐజాక్, సి.ఆర్. చంద్రశేఖర్ ప్రభృతుల పేర్లు ఈ సామాజిక వైద్య కృషితో ముడిపడి ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ, మల్టీపర్పస్ ఆరోగ్య కార్యకర్తలకూ స్వల్పకాల శిక్షణ ఇచ్చారు. ఆరు మందులు మాత్రమే ఎంచుకొని - సైకోసిస్‌కు మాత్ర, ఇంజెక్షను, డిప్రెషన్‌కు ఒకటి, దుష్ఫలితాలకు ఒకటి, మూర్ఛకు రెండు - అవి పల్లె స్థాయిలో దొరికేట్లు చూశారు. రికార్డులు సులభం చేశారు. నెలనెలా పర్యవేక్షణ ఉండేది.

వైద్య గ్రంథాలు బళ్లారి విజయాన్ని ఈ అంశాలతోనే వివరిస్తాయి. అది నిజమే గాని సమగ్రం కాదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేసిన పని ఏమిటి? ఇంటికి పోవటం, లక్షణాలు అడగటం, మందు మానేసినవానిని వెదకి పట్టుకోవటం, ఇంటివారికి నచ్చజెప్పటం. ఇదంతా ముందు చెప్పిన సోషల్ వర్కర్ పనియే. ఆ విద్య విశ్వవిద్యాలయ పట్టా లేనివారి చేతుల్లోకి దిగింది. వారు స్థానికులు, ఆ ప్రాంతంలో స్థానికులంటే రెండు భాషలు వచ్చినవారనే సామాన్యార్థం. సిరుగుప్ప వైపు క్యాంపులో తెలుగు, పక్క ఊళ్లో కన్నడం, కోటలో ఉర్దూ - ఒకే రోజున మూడు భాషలు మార్చటం వారికి విశేషమేమీ కాదు. అందుకే దానిని ఎవరూ విశేషంగా రాయలేదు కూడా. ఇదే కార్యక్రమం 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమమనే పేరుతో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, రాజస్థాన్, అస్సాం రాష్ట్రాలలో నాలుగు జిల్లాలకు విస్తరించినప్పుడు మందుల పట్టిక, శిక్షణ, బృందం తీరు ముద్రితమై వెళ్లాయి. బృందంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు పదవి కూడా ఏర్పడింది. భాష మాత్రం ముద్రితం కాలేదు. ఆ పదవికి వచ్చే మనిషికి ఇంటిభాషలు ఎన్ని రావాలన్న ప్రశ్న అర్హతల జాబితాలో చేరలేదు.

తరువాతి ఘట్టం బడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పది జీవన నైపుణ్యాలను పేర్కొని వాటిని పాఠశాలల్లో నేర్పాలని సూచించింది. నిమ్హాన్స్‌లో శ్రీకళ భరత్, కె.వి. కిశోర్ కుమార్ దీనికి ఒక నమూనా తయారు చేశారు. ఉపాధ్యాయులే శిక్షకులు, ఆటలూ చర్చలే పాఠాలు. ఏడాది పాఠం తరువాత 605 మంది విద్యార్థులను, పాఠం లేని 423 మందితో పోల్చి వారు 2010లో ఫలితాలు ప్రకటించారు. ఆత్మగౌరవం, కష్టాన్ని ఎదుర్కొనే తీరు, ఉపాధ్యాయులతో మెలిగే తీరు మెరుగయ్యాయి. ఇంట్లోనూ, తోటివారితోనూ సర్దుకుపోవటంలో తేడా రాలేదు. ఫలితాన్ని దాచకుండా రాసినందుకు వారిని మెచ్చుకోవాలి. బడిలో నేర్చిన నైపుణ్యం గడప దాటి ఇంట్లోకి రాలేదన్నది, ఇంటిభాష వేరైన పిల్లల విషయంలో మరింత ఆలోచించదగినది. బళ్లారిలో తెలుగింటి కుర్రవాడు కన్నడంలో ఈ పాఠం వింటాడు. పది నైపుణ్యాలలో ఒకటి, ఎదుటివాని స్థితిలో తానుండి చూడగలగటం. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనికి 'సహానుభూతి' అని వాడుక. 'సానుభూతి' అంటే జాలి. కన్నడంలో 'సహానుభూతి' అంటేనే జాలి. బడిలో 'సహానుభూతి వేరు, మనం నేర్చుకొనేది వేరు' అని విన్న పిల్లవాడు, అదే మాటను తెలుగు పుస్తకంలో చదివితే ఏమనుకోవాలి? ఇటువంటి మాటల పట్టిక ఒకటి ఉపాధ్యాయుని చేతిలో పెడితే చాలు, పరిష్కారం పెద్ద కష్టం కాదు. ఆ పట్టిక తయారుచేయటం మా వంటి శాఖలు చేయవలసిన పని. వైద్యులను అనవలసింది లేదు. 2010ల నుంచి కర్ణాటక యువజన శాఖ, నిమ్హాన్స్ కలిసి నడిపిన 'యువ స్పందన'లో ఆయా జిల్లాల యువకులకే శిక్షణ ఇచ్చి తోటి యువకులతో మాట్లాడించటం ఈ దృష్టితో మంచి ఎత్తుగడ. బళ్లారి ఆరోగ్య కార్యకర్తల పద్ధతే అక్కడ మరొక రూపంలో కనిపిస్తుంది.

2017 మానసికారోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎవరో నిర్వచించింది. రోగికి చెప్పవలసిన సమాచారాన్ని అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలని కూడా అందులో ఉన్నది. ఇది వైద్యుని నుంచి రోగికి పోయే దారి. రోగి నుంచి వైద్యునికి వచ్చే దారిలో, అంటే పూర్వవృత్తం రాసే కాగితంలో, రోగి వాడిన మాటను అతని భాషలోనే, అతని లిపిలోనే ఒక పంక్తి రాయటం మంచిదని మేము తెలిసిన సోషల్ వర్కర్లతో తరచు అంటుంటాము. కొందరు అలా రాస్తున్నారు కూడా. 'సుస్తీ' అని తెలుగులో రాసి ఉంటే, రెండోసారి చూసే వైద్యుడు అడిగి తెలుసుకొంటాడు; 'అలసట' అని ఆంగ్లంలో ఉంటే అడిగే అవసరమే అతనికి కనిపించదు.

2021లో హోసపేట మొదలైన తాలూకాలతో విజయనగర జిల్లా విడిపోయింది. 1985 నాటి బళ్లారి జిల్లా ఇప్పుడు రెండు జిల్లాలు. 2022 అక్టోబరు 10న టెలి మానస్ ఆరంభమైంది. 14416కు ఫోను చేసి భాష ఎంచుకొని మాట్లాడవచ్చు. ఇరవై భాషలలో సేవ ఉన్నది, అందులో తెలుగూ కన్నడమూ ఉన్నాయి. సిరుగుప్ప నుంచి ఫోను చేసే తెలుగు మనిషి రెంటిలో ఏది నొక్కినా అవతలివారికి కొంత అర్థమవుతుంది. తెలుగు నొక్కినప్పుడు అవతల పలికే గొంతు కోస్తాదో తెలంగాణదో అయితే, 'బేజారుగా ఉంది' అన్న మాటకు ఆ గొంతు అడగవలసిన తరువాతి ప్రశ్న 'దేనికి భయపడ్డారు' అన్నది కాదు.